గల్లాపెట్టె మీద కెమెరా సరే, కుర్చీ మీద ఎందుకు?

కొత్త షాపు తెరిచేవాళ్లు ఈ రోజుల్లో కొబ్బరికాయ కొట్టడానికి ముందే సీసీ కెమెరాలు బిగించేస్తున్నారు. ర్యాకులు ఇంకా రావాలి, బోర్డు మీద రంగు ఆరాలి, పంతులు గారికి కబురు పెట్టాలి. గోడ మూలల్లో తెల్లటి బుడిపెలు మాత్రం అప్పటికే పని మొదలుపెట్టేసి ఉంటాయి. నేను గుంటూరులో చిన్నా పెద్దా షాపులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. అంతకు ముందు ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేశాను. అప్పుడు ఆ బుడిపెల కింద కూర్చునేదాన్ని. ఇప్పుడు ఓనర్ల క్యాబిన్లలో కూర్చుని, టీ తాగుతూ, వాళ్ల మానిటర్ నేనూ చూస్తున్నాను.

షాపుల్లో కెమెరాలు ఉండకూడదని నేను అనను. చేతివాటం ఉన్న మాట నిజం. స్టాక్ లెక్క తేలక, పండగ సీజన్ అయ్యాక లక్షల్లో తేడా వచ్చి తల పట్టుకున్న ఓనర్లు నాకు తెలుసు. నా తగువల్లా దొంగ కోసం పెట్టిన కెమెరా జీతగాళ్ల నడుము ఎప్పుడు వాలిందో లెక్కపెట్టే పనికి దిగడం గురించి. ఇంకా ముఖ్యంగా, ఆ కెమెరా తీసిన బొమ్మ మీద అందులో కనపడే మనిషికి ఏ హక్కూ లేకపోవడం గురించి.

నేను పనిచేసిన షోరూంలో చీరల ఫ్లోర్ రెండో అంతస్తులో ఉండేది. సేల్స్ అమ్మాయిలు పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా అక్కడే. కస్టమర్ ఉన్నా లేకున్నా నిలబడే ఉండాలన్నది రూలు. కుర్చీలు కస్టమర్లకే. కెమెరాలు రాకముందు కూడా ఈ రూలు ఉంది, కానీ దాన్ని అమలు చేసేది సూపర్‌వైజర్ గారి చెప్పులు. మెట్ల మీద ఆ చప్పుడు వినపడగానే అందరూ లేచేవాళ్లు, ఆయన దిగిపోగానే కూర్చునేవాళ్లు. అది ఆయనకూ తెలుసు, కావాలనే గట్టిగా అడుగులు వేసేవారేమో కూడా.

కెమెరాలు వచ్చాక ఓనరు గారు ఆర్నెల్లు అమెరికాలో కూతురి దగ్గర ఉండటానికి వెళ్లారు. ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక షాపులో ఒక్క కస్టమర్ కూడా లేడు. మా అందరిలో పెద్దావిడ, అందరం అక్కా అని పిలిచేవాళ్లం, పాదాలు వాచిపోయి చీరలు పరిచే పరుపు అంచున అలా కూర్చుంది. కూర్చుని రెండు నిమిషాలు కూడా అయి ఉండదు. పైనుంచి గొంతు వినపడింది. "ఏమ్మా, కాళ్లు నొప్పులా? ఇంటికెళ్లి కూర్చుంటావా?" అందరం తలలెత్తి సీలింగ్ వైపు చూశాం. కెమెరాలో స్పీకర్ ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. అక్కడ తెల్లవారుజాము. ఆయనకు నిద్ర పట్టక ఫోన్ తీసి షాపు చూసుకుంటున్నారట. అక్క ఏమీ అనలేదు, లేచి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెట్టింది.

ఆ తర్వాత ఫ్లోర్‌లో వచ్చిన మార్పే నాకు ఎక్కువ గుర్తు. ఏ కెమెరాలో మైకు ఉందో, ఏ దాంట్లో లేదో ఎవరికీ తెలియదు. అందుకని అన్నింటిలోనూ ఉందనే అనుకోవాల్సి వచ్చింది. అత్తగారి గురించి చెప్పుకోవడం ఆగిపోయింది. ఎవరికి ఎంత జీతం అన్న మాట అసలు రాలేదు. పిల్లాడికి జ్వరమని ఫోన్ వస్తే ఆ తల్లి బాత్‌రూంలోకి వెళ్లి మాట్లాడేది. పని పెరిగిందా అంటే, బిల్లింగ్‌లో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, బిల్లుల సంఖ్యలో నాకేమీ తేడా కనపడలేదు.

ఇంకొకటి ఉంది. అమ్మాయిలు ఇంటి నుంచి చుడీదార్లలో వచ్చి షాపులో యూనిఫాం చీర కట్టుకునేవాళ్లు. దానికి వేరే గది లేదు, గోడౌన్‌లోనే. గోడౌన్‌లో స్టాక్ ఉంటుంది కాబట్టి అక్కడ కెమెరా ఉంటుంది. ఓనరు గారికి దురుద్దేశం ఉందని నేను అనడం లేదు, ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. అమ్మాయిలే ఒక చివరి ర్యాక్ వెనక కెమెరాకు అందని చాటు కనిపెట్టి, పాత దుప్పటి ఒకటి కట్టుకున్నారు. కొత్తగా చేరిన పిల్లకు మొదటి రోజు ధరల కంటే ముందు ఆ చాటు చూపించేవాళ్లు. కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టె పాస్‌వర్డ్ ఓనరు గారి దగ్గర ఉంది, ఆయన అబ్బాయి దగ్గర ఉంది, సూపర్‌వైజర్ దగ్గర ఉంది, కెమెరాలు బిగించిన కుర్రాడి దగ్గర కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీ కెమెరాల వీడియోలు బయటికి వచ్చి, పరీక్ష చేయించుకుంటున్న ఆడవాళ్ల దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్ముడుపోయిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ దుప్పటే.

"తప్పు చేయనివాడికి భయమెందుకమ్మా?" ఈ మాట నాతో అనని ఓనరు లేరు. నేను లెక్కలు రాసే మనిషిని కాబట్టి నవ్వుకుంటాను. ఏ షాపుకైనా వెళ్లి చూడండి, లెక్కలోకి రాని కచ్చా చిట్టీలు రాసే బల్ల వైపు మాత్రం ఒక్క కెమెరా కూడా తిరిగి ఉండదు. ఓనరు గారి క్యాబిన్‌లో మానిటర్ ఉంటుంది, కెమెరా ఉండదు. తప్పు చేయకపోయినా నలుగురి కళ్లూ పడకుండా కాసేపు ఉండాలని ఆయనకు అనిపిస్తుంది, అది సహజమే. ఆ సహజం రెండో అంతస్తుకు కూడా వర్తిస్తుందంటే మాత్రం ఒప్పుకోరు.

కెమెరా జీతగాళ్లకూ మేలు చేస్తుంది కదా, నిందలు పడితే కాపాడుతుంది కదా అనేది ఇంకో వాదన. ఇది బలమైన వాదనే. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో డాక్టరమ్మాయి హత్య జరిగాక, నిందితుణ్ణి గుర్తించడానికి సీసీ ఫుటేజ్ కూడా సాయపడింది. ఆ తర్వాత ఉద్యమించిన జూనియర్ డాక్టర్లు తాము పనిచేసే చోట సీసీ కెమెరాలు పెట్టమని వాళ్లే అడిగారు. పనిచేసేవాళ్లు కోరి పెట్టించుకునే కెమెరాలు ఉంటాయి. అయితే ఆ కెమెరా ఎవరి మాట వింటుందన్నది చూడాలి.

మా షోరూంలోనే ఒక సంక్రాంతి రద్దీలో ఒకావిడ పర్సు పోయిందని గొడవ చేసింది. చూపు కొత్తగా చేరిన పిల్ల మీద పడింది. అందరి బ్యాగులూ తీయించారు, ఆ పిల్ల బ్యాగు రెండుసార్లు. "సార్, కెమెరాలో చూడండి సార్" అని ఆ పిల్ల ఎన్నిసార్లు అన్నదో. "ఈ రష్‌లో అదంతా వెతుకుతూ కూర్చోమంటావా?" అన్నారు సూపర్‌వైజర్. పర్సు సంగతి చివరికి ఏమైందో మాకెవరూ చెప్పలేదు. ఆ పిల్ల మర్నాటి నుంచి రాలేదు, ఉన్న జీతం కూడా అడగలేదు. వారం తిరక్కుండా అదే సూపర్‌వైజర్ అదే డీవీఆర్ వెనక్కి తిప్పి, భోజనానికి ఎవరు ఎన్ని నిమిషాలు ఎక్కువ తీసుకున్నారో ఓపిగ్గా కాగితం మీద రాసుకున్నారు. అప్పుడు టైమ్ దొరికింది.

నా వాదన మొత్తం ఈ రెండు సంఘటనల మధ్య ఉంది. ఒకే కెమెరా, ఒకే డిస్కు. ఓనరుకు అవసరమైతే వెనక్కి తిరుగుతుంది, జీతగత్తె అడిగితే తిరగదు.

మరి చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. గొప్ప తీర్పు. కానీ ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వం నుంచి మనల్ని కాపాడేవి. గుంటూరు పట్నం బజారులో చీరల కొట్టు ఓనరు మీదికి ఆ తీర్పు పట్టుకుని నేరుగా వెళ్లడం కుదరదు, మధ్యలో ఒక చట్టం కావాలి. ఐటీ చట్టంలో 66ఈ సెక్షన్ ఉంది, భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది. ఒంటి మీద బట్టలు సరిగా లేని స్థితిలో, ఏకాంతంలో ఉన్నప్పుడు తీసే దృశ్యాలకు అవి వర్తిస్తాయి. గోడౌన్ కెమెరా ఆ దుప్పటి దాటితే పనికొస్తాయి. పరుపు అంచున కూర్చున్న అక్కకు పనికిరావు.

కెమెరా పెట్టమని చెప్పే చట్టం మాత్రం మనకు 2013 నుంచీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన ప్రజా భద్రత చట్టం అది. ఒకేసారి వంద మంది, లేదా రోజు మొత్తం మీద 500 మంది వచ్చిపోయే ఏ సంస్థ అయినా కెమెరాలు పెట్టాలి, 30 రోజుల ఫుటేజ్ ఉంచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే కొనసాగించింది. వచ్చిపోయే జనం భద్రత కోసం చేసిన చట్టం కాబట్టి, రోజంతా ఆ కెమెరా కిందే ఉండే సిబ్బంది గురించి అందులో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఓనర్లు నాకు చూపించేది ఇదే: "గవర్నమెంటే పెట్టమంది కదమ్మా." తలుపు దగ్గర పెట్టమంది, అవును. అన్నాలు తినే మూలన పెట్టమని అనలేదు.

ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దీని మీద నాకు చాలా ఆశ ఉండేది. మొహం కనపడే వీడియో వ్యక్తిగత డేటాయే, సందేహం లేదు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలైన సెక్షన్లు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు, అంటే 2027 మే. తప్పు చేసిన సంస్థకు జరిమానా 250 కోట్ల దాకా పడొచ్చు. ఇంతవరకూ చదివి సంతోషించి ఏడో సెక్షన్‌కు వచ్చాను. అనుమతి అడక్కుండానే డేటా వాడుకోదగిన సందర్భాలు అక్కడ ఉన్నాయి. వాటిలో ఒకటి ఉద్యోగ అవసరాలు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం. సరే, అనుకున్నాను, నష్టం సంగతి నేనే ఒప్పుకున్నాను కదా. దెబ్బ పదకొండో సెక్షన్‌లో ఉంది. నా డేటా మీ దగ్గర ఏముంది, దాంతో ఏం చేస్తున్నారు అని అడిగే హక్కు, అనుమతి ఇచ్చినవాళ్లకూ, తమంతట తాము డేటా ఇచ్చినవాళ్లకూ మాత్రమే ఉంది. పన్నెండో సెక్షన్‌లో సరిదిద్దమని, తీసేయమని అడిగే హక్కూ అంతే. ముందుగా నోటీసు ఇవ్వాలన్న నియమం కూడా అనుమతి అడిగే సందర్భాలకే. ఉద్యోగం పేరుతో తీసిన ఫుటేజ్‌కు అనుమతే అక్కర్లేదు కాబట్టి, అడిగే హక్కూ రాదు. చీర కొన్న కస్టమర్ ఫోన్ నంబర్ ఇస్తే ఆమెకు ఈ చట్టం కింద వచ్చే హక్కు, దాదాపు పన్నెండు గంటలు అదే కెమెరా కింద నిలబడి చీర చూపించిన అమ్మాయికి రాదు. డేటా భద్రంగా ఉంచడం, అవసరం తీరాక చెరిపేయడం వంటి బాధ్యతలు ఓనరు మీద ఉంటాయి, అది కొంత నయం. అయితే పర్సు పోయిన రోజున ఆ పిల్ల అడిగిన ఒక్క మాటకు, 'కెమెరాలో చూడండి' అన్నదానికి, ఈ చట్టంలో చోటు లేదు.

యూరప్‌లో అంతా బ్రహ్మాండం అని నేను అనను. బార్సిలోనా దగ్గర ఒక సూపర్ మార్కెట్ కేసు చూడండి. 2009లో సరుకు భారీగా తగ్గిపోతుంటే మేనేజర్ కొన్ని కెమెరాలు అందరికీ చెప్పి పెట్టాడు, క్యాష్ కౌంటర్ల దగ్గర కొన్ని రహస్యంగా పెట్టాడు. 14 మంది ఉద్యోగాలు పోయాయి. కొందరు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. 2018లో వాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది, 2019 అక్టోబరులో అదే కోర్టు పెద్ద ధర్మాసనం, గ్రాండ్ ఛాంబర్, దాన్ని తిరగేసింది. రహస్య కెమెరా తప్పు కాదంది! నాకు నచ్చింది ఫలితం కాదు, ఆ కోర్టు అడిగిన ప్రశ్నలు. అనుమానానికి ఆధారం ఉందా? ఎన్ని రోజులు తీశారు? పది రోజులే. ఎక్కడ తీశారు? కౌంటర్ దగ్గరే. ఎవరెవరు చూశారు? తక్కువ మందే. వేరే పనికి వాడారా? లేదు. బాత్‌రూంలు, బట్టలు మార్చుకునే గదుల్లో గోప్యత చాలా ఎక్కువ, నలుగురూ తిరిగే చోట తక్కువ అని కూడా చెప్పింది. ఆ ప్రశ్నలే మా షోరూం ఫ్లోర్ మీద వేస్తే? ఎన్ని రోజులు, ఎప్పటికీ. ఎవరు చూస్తారు, పాస్‌వర్డ్ ఉన్నవాళ్లందరూ. వేరే పనికి వాడారా, వేరే పనికే వాడారు.

జర్మనీలో సిబ్బంది ప్రవర్తనను గమనించే ఏ పరికరం పెట్టాలన్నా, అక్కడ ఉద్యోగుల మండలి ఉంటే దాని ఒప్పుకోలు కావాలి. ఓనరు ఒక్కడే రాత్రికి రాత్రి స్పీకర్ పెట్టేసుకోలేడు.

హైదరాబాదులో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు ఇదంతా బట్టల కొట్ల గోలే అనుకోవద్దు. చేతూ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నెదర్లాండ్స్‌లో ఇంటి నుంచి పనిచేసే ఒక ఉద్యోగిని రోజుకు తొమ్మిది గంటలు వెబ్‌క్యామ్ తెరిచి ఉంచమంది. అతను స్క్రీన్ చూపిస్తాను, కెమెరా పెట్టను అన్నాడు. ఉద్యోగం తీసేశారు. 2022లో డచ్ కోర్టు ఆ తొలగింపు చెల్లదని చెప్పి, సుమారు 75 వేల యూరోలు ఇప్పించింది. గచ్చిబౌలిలో అదే మాట మేనేజర్ అంటే మనవాళ్లలో ఎంతమంది కాదంటారు? ఇంట్లో వెనకాల అమ్మ బట్టలు ఆరేసుకుంటున్నా, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసి కూర్చుంటారు.

ప్రభుత్వమూ తక్కువ తినలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో టీచర్లకు మొహం చూపించి హాజరు వేసే యాప్ పెట్టారు, పెద్ద గొడవే అయింది. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి నుంచి దేశమంతా రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే పోయేది కూలీ డబ్బులే. అక్రమాలు ఆగాయా? ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ రాసుకుంది. మరోవైపు, 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ కెమెరాలు పెట్టమని, శబ్దం కూడా రికార్డు చేయమని ఆదేశించింది. 2025 సెప్టెంబరుకు వచ్చేసరికి, అవి పనిచేయడం లేదన్న వార్తల మీద అదే కోర్టు తనంతట తానే మళ్లీ కేసు తీసుకోవాల్సి వచ్చింది. కూలీ మీది కెమెరా పనిచేయకపోతే కూలీకి నష్టం, లాకప్ మీది కెమెరా పనిచేయకపోతే లాకప్‌లో ఉన్నవాడికే నష్టం.

నేను రిటర్నులు వేసే ఒక ఓనరుతో ఈ మధ్య ఇదంతా మాట్లాడాను. మంచాయన. గోడౌన్ కెమెరాను తలుపు వైపు తిప్పించారు, అమ్మాయిలకు ఒక గది ఇచ్చారు, కెమెరా లేకుండా. మైకు తీసేయమంటే మాత్రం, "అది నా కోసం కాదమ్మా, మా నాన్నగారి కోసం. రిటైరై ఇంట్లో ఉన్నారు, ఆయనకు టైమ్‌పాస్" అన్నారు. ఇంతమంది ఆడపిల్లల మాటలు ఒక ముసలాయనకు టైమ్‌పాస్! ఓనర్ల మంచితనం మీద వదిలేస్తే సగం దాకా వస్తుంది. మిగతా సగానికి రూలు కావాలి.

ఆ రూలు కోసం ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. మన షాపుల చట్టం 1988 నాటిది, రెండు రాష్ట్రాలకూ అదే మూలం. పని వేళలు, వారాంతపు సెలవు, రిజిస్టర్లు అన్నీ అందులోనే. అది మార్చడం కష్టమేమీ కాదు. 2025లో రెండు ప్రభుత్వాలూ రోజుకు పది గంటల దాకా పని చేయించుకునే వీలు కల్పించడానికి ఎంత చురుగ్గా కదిలాయో చూశాం. షాపుల్లో నిలబడే సిబ్బందికి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ షాపుల చట్టాలనే సవరించుకున్నాయి. అక్కడ కుర్చీ చేర్చినట్టే ఇక్కడ కెమెరా చేర్చొచ్చు. సిబ్బంది తినే చోట, బట్టలు మార్చుకునే చోట కెమెరా వద్దు. మాటలు రికార్డు చేయడం వద్దు. ఎన్ని కెమెరాలు, ఎటు తిరిగి ఉన్నాయి, ఎవరి ఫోన్లలో కనపడతాయి అన్నది రిజిస్టర్‌లో రాసి గోడకు అంటించాలి. ఫుటేజ్ చూసి జీతం కోసినా, ఉద్యోగం తీసినా, ముందు ఆ ముక్క ఆ మనిషికి చూపించాలి. నింద పడినప్పుడు ఆ 30 రోజుల లోపు ఫుటేజ్ తీయమని అడిగే హక్కు జీతగాడికి ఉండాలి, అడిగాక చెరిపేస్తే ఆ నింద చెల్లకూడదు. రిజిస్టర్లు చూడటానికి లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎలాగూ వస్తారు. మానిటర్ కూడా ఒకసారి చూసి వెళ్తారు, అంతకంటే కొత్త యంత్రాంగం ఏమీ అక్కర్లేదు.

గుమస్తాల సంఘాలు ఏటా లేబర్ ఆఫీసుకు తీసుకెళ్లే వినతిపత్రాలు నేను చూస్తుంటాను, కొన్నింటిని టైపు చేసి పెట్టింది నేనే. కనీస వేతనం, పీఎఫ్, ఆదివారం సెలవు, పండగ బోనస్. కెమెరా ఊసు వాటిలో ఇప్పటిదాకా కనపడలేదు. ఈసారి టైపు చేయమని తెస్తే, సంఘం సెక్రటరీ గారిని అడిగి బోనస్ డిమాండ్ కింద కెమెరా పేరా ఒకటి కలుపుదామనుకుంటున్నాను.